మూడుసార్లు కనిపించిన మనిషి

నేను హన్మకొండలో డ్రాయింగ్ మాస్టర్ని. పోయిన చలికాలం తొమ్మిదో తరగతి పిల్లలకు ప్రాజెక్టర్ మీద ఒక బొమ్మ చూపించాను. ఇటలీలో, ఫ్లోరెన్స్ నగరంలోని ఒక చర్చి గోడ మీద మసాచ్చో అనే యువకుడు 1420లలో వేసిన బొమ్మ అది. పన్ను కట్టమని ఒకడొచ్చి నిలదీస్తాడు. ఏసు తన శిష్యుడు పీటర్‌ను నీళ్ల దగ్గరికి పొమ్మంటాడు. పీటర్‌కు చేప నోట్లో నాణెం దొరుకుతుంది, అది తెచ్చి పన్ను కడతాడు. ఇదీ కథ. యూరప్ చిత్రకళ మలుపు తిరిగింది ఇక్కడేనని ప్రతి పుస్తకమూ చెబుతుంది. నేను కూడా అదే చెప్పబోతున్నాను. మనుషుల మీద వెలుగు ఒకే వైపు నుంచి పడటం, వెనక కొండలు దూరం పోయేకొద్దీ మసకబారటం, ఇవన్నీ వరసగా నోటి చివరన ఉన్నాయి. అంతలో వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచింది.

"సార్, గా తెల్లగడ్డం తాత మూడుసార్లు ఉన్నడు."

నిజమే. మధ్యలో ఏసు పక్కన నిలబడి ఉన్నాడు. ఎడమ పక్క నీటి ఒడ్డున వంగి చేప నోరు తెరుస్తున్నాడు. కుడి పక్క పన్ను కడుతున్నాడు. పీటర్ ముగ్గురుగా ఉన్నాడు. ఇంకో పిల్లాడు వెంటనే అందుకున్నాడు. "ఒక్క బొమ్మల ఒక్క మనిషి మూడుసార్లు ఎట్లుంటడు సార్? తప్పు గదా?"

నేనా రోజు సరిగ్గా జవాబు చెప్పలేదు. అప్పట్లో అలా వేసేవారమ్మా అని దాటేశాను. ఇంటికొచ్చాక మనసు ఒక చోట నిలవలేదు. ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు నాకు ఎనిమిదేళ్ల వయసులోనే తెలుసు. ఎవరూ చెప్పకుండానే తెలుసు.

మాది జనగామ వైపు పల్లె. పద్మశాలీలం. రెండు మూడేళ్లకోసారి మా వాడకు కూనపులోళ్లు వచ్చేవాళ్లు. శాలోళ్లకు మార్కండేయ పురాణం చెప్పడం వాళ్ల మిరాసి. గొల్లలకు మందెచ్చులోళ్లు, ముదిరాజులకు కాకిపడగలోళ్లు, గౌండ్లోళ్లకు గౌడజెట్టీలు, మాదిగలకు డక్కలోళ్లు ఎట్లనో మాకు వీళ్లు అట్ల. ఒక్కో కులానికి ఒక పురాణం, ఆ పురాణానికి ఒక పటం, ఆ పటం మోసే కుటుంబం. పొద్దుగూకినాక వాడ మధ్యలో రెండు గుంజలు పాతి పటం కట్టేవాళ్లు. 3 అడుగుల వెడల్పు బట్ట, మొత్తం విప్పితే 40 అడుగులు దాటుతుంది. కానీ మొత్తం ఎప్పుడూ విప్పరు. కథ ఎంత వరకు నడిచిందో అంత వరకే విప్పుతారు. మిగిలింది చుట్టలోనే ఉంటుంది. రేపేమవుతుందో తెలియని భయం లాంటిది ఆ చుట్టను చూస్తే కలిగేది.

నేను అవ్వ కొంగు కప్పుకుని కూర్చునేవాణ్ని. మా శాలోళ్ల మూలపురుషుడు భావనారుషి ఒక వరుసలో హోమగుండంలోంచి పుడతాడు. పక్కనే పులి మీద ఎక్కి ఉంటాడు. కింది వరుసలో భద్రావతిని పెళ్లాడుతుంటాడు. ఒకే బట్ట మీద ఆయన ఎన్నోసార్లు ఉన్నా ఎవరికీ తప్పనిపించలేదు. కథకుడి చేతిలో సన్నటి కర్ర ఉండేది. ఆ కర్ర ఎవరి మీద ఆనితే ఆయన అప్పుడు బతికి ఉన్నట్టు. తక్కిన బొమ్మలు తమ వంతు కోసం నిలబడి ఉన్నట్టు. కర్ర కదిలితే కాలం కదిలేది. ఇది ఎనిమిదేళ్ల పిల్లాడికి పాఠం చెప్పకుండా అర్థమయ్యే సంగతి.

తర్వాత బొమ్మలు నేర్చుకోవడానికి ఒక కాలేజీలో చేరాను. కళా చరిత్ర అని ఒక పేపరు ఉండేది. అజంతాకు రెండు క్లాసులు, మొఘలు బొమ్మలకు ఒక క్లాసు, ఇక ఆ తర్వాత రెండేళ్లూ యూరపే. రినైజాన్స్, బరోక్, రొమాంటిసిజం, ఇంప్రెషనిజం, క్యూబిజం, సర్రియలిజం. కాజీపేట నుంచి బండెక్కితే స్టేషన్లు వరసగా వచ్చినట్టు వచ్చేవి. పరీక్షలో కథ చెప్పే చిత్రాల గురించి ఒక ప్రశ్న వచ్చింది. నేను మసాచ్చో బొమ్మ గురించి ఒక పేజీ, మా వాడలో చూసినలాంటి చేర్యాల పటం గురించి ఒక పేజీ రాసి, రెండింటికీ పోలిక పెట్టాను. జీవితంలో నేను అంత ఇష్టంగా రాసిన జవాబు ఇంకోటి లేదు. పేపరు తిరిగొచ్చినప్పుడు రెండో పేజీ మీద అడ్డంగా గీత ఉంది. అడిగితే సార్ చెప్పింది ఒకటే మాట. "అది హస్తకళల కిందికి వస్తుంది. చరిత్ర పేపర్లో రాయకూడదు." ఆయన చెడ్డవాడేం కాదు. ఆయనకు చెప్పినవాళ్లు కూడా అట్లనే చెప్పారు. కానీ ఆ గీత నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. అది మార్కుల బాధ కాదు. మా అవ్వ, మా వాడ, ఆ రాత్రి, ఇవన్నీ చరిత్ర బయట జరిగాయని నాకు ఎవరో తేల్చి చెప్పినట్టనిపించింది.

ఇరవై ఏళ్లుగా పిల్లలకు చెబుతూ, చదువుతూ, అవకాశం దొరికినప్పుడల్లా పాలంపేటకూ చేర్యాలకూ తిరుగుతూ నేను తేల్చుకున్నది ఇది. బొమ్మ శైలి దాని పనిలోంచి పుడుతుంది. ఎవరు చూడాలి, ఎక్కడ చూడాలి, ఏ వెలుతుర్లో చూడాలి, డబ్బెవరిచ్చారు, ఆ బొమ్మ ఏం చేయాలి, వీటిలోంచి గీత, రంగు, కొలత వస్తాయి. అంతేగాని మనుషులు తరం తరానికీ తెలివి పెంచుకుంటూ ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టుకు ఎక్కడం వల్ల శైలులు మారలేదు. మెట్ల వరస చెప్పడం సులువు, సిలబస్‌కు సరిపోతుంది. కానీ ఆ వరసలో నిలబడనివన్నీ జారి హస్తకళల గదిలో పడతాయి.

ముందు ఆ పేర్ల సంగతి చూద్దాం. మనం పరీక్షల కోసం బట్టీపట్టిన పేర్లలో చాలావరకు తిట్లుగా మొదలైనవే. గోథిక్ అనేది గోత్ అనే అనాగరిక తెగ పేరు మీద ఇటలీవాళ్లు వేసిన నింద. బరోక్ అంటే వంకర ముత్యం అంటారు. మోనే వేసిన సూర్యోదయం బొమ్మ పేరులోని ఇంప్రెషన్ అనే మాట పట్టుకుని 1874లో లూయీ లెరువా అనే విమర్శకుడు ఎగతాళి చేస్తే ఇంప్రెషనిజం అయింది. 1905లో మాటిస్ బృందాన్ని చూసి క్రూరమృగాలని రాసిన వోక్సెల్ అనే ఆయనే, 1908లో బ్రాక్ బొమ్మలు చూసి అంతా ఘనాలేనన్నాడు. అదే క్యూబిజం. పేరు పెట్టడానికి ఒక పత్రిక, ఒక ప్రదర్శన, కోపమొచ్చిన ఒక విమర్శకుడు కావాలి. పారిస్‌లో అవి ఉన్నాయి. చేర్యాలలో లేవు. పటాలు వేసే మనవాళ్లకు దక్కిన పేరు నకాషీ. అరబీ నుంచి పారశీకంలోకి వచ్చిన నక్ష్ అనే మాటలోంచి వచ్చింది. అది వాళ్ల శైలికి పెట్టిన పేరు కూడా కాదు, వాళ్ల వృత్తికి పెట్టింది. పేరు లేనిది లెక్కలోకి రాలేదు, అంతే జరిగింది.

ఇప్పుడు రామప్ప దగ్గరికి పోదాం. హన్మకొండ నుంచి ములుగు మీదుగా పోతే వచ్చే పాలంపేటలో ఉంది. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. శాసనం 1213 నాటిది. 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక జనం బాగా పెరిగారు. నీళ్లలో తేలే ఇటుకల గురించి, ఇసుక పెట్టె పునాది గురించి గైడు చెబుతాడు, అందరూ ఫోన్లు పైకెత్తుతారు. నేను పిల్లల్ని తీసుకుపోయినప్పుడు ముందుగా చూరు కింద నిలబెడతాను. ఎర్రరాతి గుడికి నల్లరాతి మదనికలు పన్నెండు మంది. స్తంభం నుంచి చూరు వైపు ఏటవాలుగా వంగి ఉంటారు. ఒకామెకు పాముల అలంకారం, ఇంకొకామె చీర కొంగు కోతి లాగుతుంటుంది, ఎత్తు చెప్పులు వేసుకున్నామెను చూపించి పిల్లలు గుసగుసలు పోతారు. అందరికీ ఒక పోలిక ఉంది. కాళ్లు పొడవు, నడుము సన్నం, ఒళ్లు మొత్తం ఒక సాగిన గీత. మామూలు మనిషి కొలతకు అవి సరిపోవు.

పిల్లలతో ఒక పని చేయిస్తాను. ఒకరిని గోడకు ఏటవాలుగా ఆనుకొమ్మంటాను. మిగతావాళ్లను కింద కూర్చుని పైకి చూడమంటాను. కింద నుంచి చూస్తే మనిషి కుదించుకుపోయినట్టు కనిపిస్తాడు, తల చిన్నగా. పైగా స్తంభానికీ చూరుకీ మధ్య సందు పొడవుగా, ఇరుకుగా ఉంది. అందులో ఇమడాలంటే బొమ్మ ఆ సందులా సాగాలి. శిల్పి కళ్లకు అందం కనిపించింది నిజమే, కానీ ఆ అందానికి కొలత ఇచ్చింది కట్టడం.

ఇప్పుడు అదే సంవత్సరాల్లో ఫ్రాన్స్‌లో ఏం జరుగుతోందో చూడండి. షార్త్ర్ ఊళ్లో పెద్ద చర్చి 1194లో కాలిపోయింది. మళ్లీ కట్టడం మొదలుపెట్టారు. రామప్ప శాసనం చెక్కిన 1213లో అక్కడ పని ఇంకా సాగుతూనే ఉంది. ఆ మంటల్లో మిగిలిన పడమటి ద్వారం అంతకు ముందు శతాబ్దానిది. దాని పక్కల రాజులూ రాణులూ నిలబడి ఉంటారు. మనుషులకు ఉండరానంత పొడవు, సన్నం. ఎందుకంటే వాళ్లు స్తంభాలకు అతుక్కుని ఉన్నారు. స్తంభం ఎట్లా ఉంటే మనిషి అట్లా అయ్యాడు. పాలంపేట శిల్పికీ షార్త్ర్ శిల్పికీ పరిచయం లేదు, ఒకరి గురించి ఒకరు వినలేదు కూడా. కానీ ఇద్దరి ముందూ ఉన్న పని ఒకటే. రాతి కట్టడానికి మనిషి రూపాన్ని ఒప్పించాలి. ఇద్దరూ మనిషిని సాగదీశారు. పాఠ్యపుస్తకంలో షార్త్ర్‌కు గోథిక్ అనే ఉద్యమంలో ఒక అధ్యాయం దొరుకుతుంది. రామప్పకు పర్యాటక శాఖ బోర్డు దొరుకుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మా వైపు కొందరు ఇట్లాంటి పోలిక వినగానే, చూశారా మనవాళ్లే ముందు కనిపెట్టారు అంటారు. పటంలో ఒకేసారి అన్ని వైపులూ కనిపిస్తాయి కాబట్టి చేర్యాలవాళ్లు పికాసో కన్నా ముందే క్యూబిజం వేశారని ఒకాయన సభలో గట్టిగా చెప్పాడు. చప్పట్లు కొట్టారు. నాకు చాలా బాధేసింది. ఆ మాట పటాన్ని పొగుడుతున్నట్టుంటుంది గాని నిజానికి అవమానిస్తుంది. పారిస్ పరీక్షలో మనకు కూడా మార్కులు వేయమని బతిమాలడం అది. పికాసో 1907లో ఒకే చోటు నుంచి చూసే పద్ధతిని పగలగొట్టాడు. నకాషీవాళ్లకు అట్లా చూసే పద్ధతే లేదు, ఇక పగలగొట్టేదేముంది? వాళ్ల పని వేరు, వాళ్ల గెలుపు వేరు.

ఆ పని ఏమిటో దగ్గరగా చూడాలి. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లా, అంతకుముందు మా వరంగల్ జిల్లానే. అక్కడ ఒక ఇంటి వసారాలో పూటంతా కూర్చున్నాను. ఖద్దరు బట్ట తీసుకుంటారు. గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూస్తారు. ఆరనిచ్చి మళ్లీ పూస్తారు. బట్ట చేతికి అట్టలా తగిలేదాకా ఇదే పని. తర్వాత గీత. పెన్సిలు లేదు, రబ్బరు లేదు. ఉడుత వెంట్రుకల కుంచె నేరుగా బట్ట మీద పడుతుంది. ఆ ఇంటి పెద్దమ్మ ఏనుగు వీపు గీసింది. తొండం దగ్గర మొదలై తోక దాకా కుంచె ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఊపిరి కూడా గీత అయిపోయాకే వదిలింది. ఆ తర్వాత బొమ్మల చుట్టూ మిగిలిన చోటంతా ఎరుపు నింపింది. ముఖాలకు రంగు ఇంకా రాలేదు, బట్టలకు రాలేదు, కానీ వెనక ఎరుపు ముందే వచ్చేసింది. నల్ల గీత చివరన మళ్లీ ఒకసారి పడుతుంది.

"ఎరుపే ఎందుకు పెద్దమ్మా" అని అడిగాను.

"రాత్రి దీపం ముంగట ఇంకో రంగు నిలుస్తదా బిడ్డా" అంది.

అంతకు మించిన కళా సిద్ధాంతం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. పటం చూసేది రాత్రి. కాగడా వెలుగులో, ఆముదం దీపం వెలుగులో, మా చిన్నప్పుడు పెట్రోమాక్స్ వెలుగులో. చూసేవాళ్లు వందమంది, చివరి వరసవాళ్లు ఎంతో దూరంలో ఉంటారు. అక్కడి దాకా బొమ్మ అందాలంటే ఎర్రటి వెనక తెరా, నల్లటి గట్టి గీతా కావాలి. సన్నని వెలుగునీడలు వేస్తే మొదటి వరస దాటి పోవు. దేవుడు పెద్దగా, భటుడు చిన్నగా ఎందుకు? కర్ర ఎవరి మీద ఆనుతుందో దూరం నుంచి తెలియాలి కాబట్టి. మనుషులు ఒకరి వెనక ఒకరు కాకుండా పక్కపక్కన ఎందుకు? కథకుడు ఎడమ నుంచి కుడికి నడుస్తూ చెప్పాలి కాబట్టి. ఈ శైలిలో చేతగానితనం వల్ల వచ్చింది ఒక్కటీ లేదు.

ఇదే ప్రశ్న మసాచ్చోను అడుగుదాం. బ్రునెల్లెస్కి అనే కట్టడాల నిపుణుడు 1420 ప్రాంతంలో ఒకే కంటి నుంచి చూసినట్టు దూరాన్ని గీసే లెక్క కనిపెట్టాడు. 1435లో ఆల్బెర్టి ఆ లెక్కను పుస్తకంగా రాశాడు. ఆ లెక్క ప్రకారం చూసేవాడు ఒక చోట కదలకుండా నిలబడాలి, ఒక కన్నుతో చూడాలి, ఒక్క క్షణాన్నే చూడాలి. గోడ కిటికీ అయిపోతుంది. మసాచ్చో ఆ కొత్త లెక్క వాడుతూనే పాత కథకుల అలవాటూ వదల్లేదు. అందుకే పీటర్ మూడుసార్లు ఉన్నాడు. మా తొమ్మిదో తరగతి పిల్ల పట్టుకున్నది ఆ అతుకునే. ఒకే బొమ్మలో కిటికీ కూడా ఉంది, పటం కూడా ఉంది. తర్వాతి శతాబ్దాల్లో కిటికీ గెలిచింది, పటం మెల్లగా వెళ్లిపోయింది. ఆ కిటికీ వల్ల యూరప్‌కు చాలా గొప్ప బొమ్మలు వచ్చాయి, నాకు అందులో అనుమానం లేదు. దాని కోసం వదులుకున్నది కూడా ఉందని పిల్లలకు చెప్పాలంటాను. కాలం పోయింది. ఒక్క క్షణం మిగిలింది.

పారిస్‌లో కూడా శైలులు పనిలోంచీ పనిముట్లలోంచే మారాయి. 1839లో డాగెర్ ఫొటో పద్ధతి బయటికొచ్చింది. అచ్చు మనిషిలా బొమ్మ వేసి బతికేవాళ్ల పొట్ట మీద అది పడింది. 1841లో జాన్ రాండ్ అనే చిత్రకారుడు రంగుల కోసం తగరపు ట్యూబు తయారుచేశాడు. అంతకుముందు రంగు నూరి పంది తిత్తుల్లో దాచుకునేవాళ్లు. ట్యూబు వచ్చాక పెట్టె భుజాన వేసుకుని పొలం గట్టుకు పోయి అక్కడే కూర్చుని వేయొచ్చు. రైలు కూడా వచ్చింది. మోనే 1890లో గడ్డివాముల ముందు కూర్చుని పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి వేశాడంటే అతని ప్రతిభతో పాటు ఆ తగరపు ట్యూబు కూడా అక్కడ ఉంది. ఎరుపు కోసం ఇంగిలీకం నూరే చేర్యాల చేతికీ, ట్యూబు మూత తిప్పే మోనే చేతికీ మధ్య నాకు కనిపించే తేడా ఇదే.

ఇంకో సంగతి. ఆ కాలంలో యూరప్ కళ్లు తెరిపించినవి హస్తకళల గదిలో పడేసిన వస్తువులే. జపాన్‌లో సామాన్యులు కొనుక్కునే చౌక చెక్క అచ్చు బొమ్మలు పారిస్ చేరాయి. 1887లో వాన్‌గో హిరోషిగే అచ్చు బొమ్మలను నూనె రంగుల్లో మళ్లీ వేసుకుంటూ నేర్చుకున్నాడు. 1907లో పికాసో ఆఫ్రికా ముఖోటాలను చూసింది చిత్రాల మ్యూజియంలో కాదు, జాతుల వస్తువులు పెట్టిన ట్రొకడేరో మ్యూజియంలో. అక్కడ వాటికి చేసినవాడి పేరు లేదు, తెగ పేరు ఉంది. వాటిని చూసి వేసిన బొమ్మ ఆధునిక కళ అయింది, ముఖోటా మాత్రం ముఖోటాగానే ఉండిపోయింది. ఈ అన్యాయం గురించి చదివిన ప్రతిసారీ నాకు చేర్యాల కొబ్బరిచిప్ప ముఖోటాలు గుర్తొస్తాయి. చిప్ప మీద రంపపు పొట్టూ చింతగింజల ముద్దా కలిపి ముక్కు లేపుతారు. ఆ ముక్కు లేపడం శిల్పం కాకపోతే ఇంకేది శిల్పమో నాకు తెలియదు.

కళ వేరు, చేతిపని వేరు అనే గోడ ఎప్పటి నుంచో ఉందనుకుంటాం. నిజానికి అది చాలా కొత్తది. 1746లో ఫ్రాన్స్‌లో బాట్యూ అనే ఆయన చిత్రం, శిల్పం, సంగీతం, కవిత్వం, నాట్యం, ఇవి లలిత కళలు అని ఒక చోట చేర్చి పుస్తకం రాశాడు. ఆ విభజన స్థిరపడింది అప్పటి నుంచే. అంతకుముందు ఫ్లోరెన్స్ చిత్రకారులు కూడా కార్ఖానా పెట్టుకుని, శిష్యుల్ని చేర్చుకుని, ఒప్పందం రాసుకుని పనిచేసిన పనివాళ్లే. బొమ్మలో నీలం ఎంత ఖరీదైనది వాడాలో కూడా ఆ ఒప్పందంలో రాసేవాళ్లు. ఆ గోడను యూరప్‌వాళ్లే మళ్లీ కూల్చాలని చూశారు. 1919లో జర్మనీలో బౌహౌస్ బడి పెట్టిన గ్రోపియస్, కళాకారుడికీ చేతిపనివాడికీ మూలంలో తేడా లేదని ప్రకటించాడు. ఆ బౌహౌస్ బొమ్మలు 1922 డిసెంబరులో కలకత్తాకు వచ్చాయి. కాండిన్‌స్కీ, క్లీ వేసినవి మన దేశపు చిత్రకారుల బొమ్మలతో పాటు గోడకెక్కాయి. ఆ ప్రదర్శన వెనక ఉన్నవాళ్లలో కళా చరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ ఒకరు. ఆ దశాబ్దంలోనే ఆమె విష్ణుధర్మోత్తర పురాణంలో బొమ్మల గురించి చెప్పే చిత్రసూత్రాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు.

చిత్రసూత్రం సంగతి చదివిన రోజు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అందులో వజ్రుడనే రాజు శిల్పం నేర్పమని అడుగుతాడు. శిల్పం రావాలంటే ముందు చిత్రం తెలియాలి, చిత్రం రావాలంటే నాట్యం తెలియాలి, నాట్యానికి వాద్యం, వాద్యానికి గానం తెలియాలని గురువు చెబుతాడు. ఆ చెప్పే గురువు ఎవరనుకున్నారు? మార్కండేయుడు. మా వాడలో పెట్రోమాక్స్ వెలుగులో కూనపులోళ్లు ఏ రుషి కథ చెప్పారో ఆ రుషే. ఆయన చెప్పిన వరస రామప్పలో కళ్లకు కడుతుంది. అక్కడి శిల్పాలు నాట్యం తెలిసిన చేయి చెక్కినవి. ఆ కాలంలోనే జాయప సేనాని నృత్తరత్నావళి రాశాడు. నటరాజ రామకృష్ణ పేరిణి నాట్యాన్ని మళ్లీ నిలబెట్టినప్పుడు ఆ గ్రంథమూ ఈ రాళ్లూ ఆయనకు పాఠం చెప్పాయి. పటం కూడా ఇదే మాట చెబుతుంది. బొమ్మ, పాట, తాళం, నడక, ఈ నాలుగూ విడిపోతే పటం సగమే.

మన ఆధునికులు ఈ గోడ గురించి ఏం చేశారో చూడాలి. కరీంనగర్ జిల్లా అన్నవరంలో 1915లో పుట్టిన పి.టి. రెడ్డి బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, 1947లో వచ్చిన ప్రోగ్రెసివ్ బృందం కన్నా ముందే అక్కడి కొత్త చిత్రకారుల గుంపులో ఉన్నారు. వరంగల్ జిల్లా పెనుగొండలో 1924లో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు శాంతినికేతన్ పోయి నందలాల్ బోస్ దగ్గర నేర్చుకుని తిరిగొచ్చారు. సిద్దిపేట కాపు రాజయ్య బోనాలనూ బతుకమ్మనూ చిత్రాల్లోకి తెచ్చారు. ఆయన గీతలో నకాషీ గీత వాసన నాకు స్పష్టంగా తెలుస్తుంది. వీళ్లలో నేను ఎక్కువసేపు నిలబడి చూసేది వైకుంఠం గారి బొమ్మల ముందు. 1942లో బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ శిష్యుడు. ఆ సుబ్రమణ్యన్ చేనేత బోర్డులో పనిచేసినవాడు, చేతిపనిని ఎప్పుడూ చిన్నచూపు చూడనివాడు. వైకుంఠం గారి ఆడవాళ్ల నుదుటి మీద పెద్ద బొట్టు, మెడ కింద పసుపు, ముతక చీర, పచ్చి రంగు. చిన్నప్పుడు ఊళ్లోకొచ్చే నాటకాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్లను చూసిన కళ్లు అవి. ఇప్పుడు ఆ బొమ్మలు పెద్ద వేలాల్లో అమ్ముడుపోతున్నాయి. నాకు సంతోషమే. కానీ అదే ఎరుపు, అదే నల్ల గీత మూడు తరాలుగా వేస్తున్న ఇంటికి మాత్రం మేళాలో నేల మీద చాప దొరుకుతుంది, పక్కన నిర్మల్ బొమ్మలు, పెంబర్తి ఇత్తడి. కొనేవాళ్లు తగ్గించమని బేరమాడతారు.

పటం చచ్చిపోయిందని ఏడ్చేవాళ్లతో మాత్రం నేను కలవను. టీవీ వచ్చాక కథ పిలిపించేవాళ్లు తగ్గారు, 40 అడుగుల పటం చేయించేవాళ్లు అరుదయ్యారు. చేర్యాలలో ఇప్పుడు వేసేవి గోడకు తగిలించే చిన్న బొమ్మలు. వరి కోత, కల్లు గీత, బతుకమ్మ. అది పతనమని ఒక పెద్దమనిషి అన్నాడు. ఆయనకు ఇటలీలోని సియెనా ఊరి సంగతి చెప్పాను. దుచ్చో వేసిన పెద్ద బలిపీఠపు చిత్రాన్ని 1311 జూన్‌లో ఊరంతా ఊరేగింపుగా మోసుకుని గుడికి తీసుకుపోయారు. 1771లో దాన్ని విప్పి ముక్కలు చేశారు. వాటిలో కొన్ని చిన్న పలకలు ఇప్పుడు దేశదేశాల మ్యూజియంలలో ఒక్కొక్కటిగా వేలాడుతున్నాయి. ఒక్కో పలకను జనం కళాఖండమనే చూస్తున్నారు, సగం తెగిన కథ అనడం లేదు. పని మారింది, శైలి మారుతోంది. ఇల్లు చిన్నదయింది, గోడ చిన్నదయింది, ట్యూబు లైటు వచ్చింది. ఆ చిన్న బొమ్మల్లో కొన్నిచోట్ల ఎరుపు తగ్గి వేరే రంగులు వస్తున్నాయి. రాత్రి దీపం లేనప్పుడు ఎరుపు ఎందుకని అడిగే హక్కు వాళ్లకుంది. ఇది ఒక శైలి మలుపు తిరుగుతున్న క్షణం. ఫ్లోరెన్స్‌లో జరిగితే దీనికి ఈపాటికి ఒక పేరుండేది. బండెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరే దూరంలో జరుగుతున్నప్పుడు మన విద్యార్థులు వెళ్లి రాసుకోవాలి. ఏ ఇంట్లో ఏ రంగు ఎప్పుడు మారింది, ఎవరడిగితే మారింది, ఎంతకు అమ్మారు. వసారి అనే ఆయన 1550లో ఇటలీ చిత్రకారుల జీవితాలు రాసుకోబట్టే కదా ఇవాళ మసాచ్చో గురించి మనకు ఇంతగా తెలిసింది.

ఈ ఎండాకాలం సెలవుల్లో కూనపుల కుటుంబం ఒకటి ఉందని తెలిసి వాళ్ల ఊరు పోయాను. మా వాడకు వచ్చినవాళ్లు వీళ్లు కాదు, కానీ పురాణం అదే. కథ చెప్పడం మానేసి చాలా ఏళ్లయిందట. పటం ఇంకా ఉంది. పాతబడి కొత్తది చేయించుకుంటే పాతదాన్ని పూజ చేసి నీళ్లలో విడవాలి, కొత్తది చేయించలేదు కాబట్టి ఇది మిగిలిందని తాత చెప్పాడు. అటక మీంచి దింపి, దీపం పెట్టి, దండం పెట్టి, నులక మంచం మీద ఒక్కో వరుసా విప్పాడు. మధ్యలో ఆపమని నేను అడిగితే తల అడ్డంగా ఊపాడు. విప్పినంక నడుమ ఆపొద్దట.

భావనారుషి మొదటి మగ్గం ముందు కూర్చున్న వరుస వచ్చింది. తామరతూడు నారతో తొలి బట్ట నేసే చోటు. రంగులు తక్కిన అంతటా బాగానే ఉన్నాయి. అక్కడ ఒక్క చోట, రుషి చేతికీ మగ్గానికీ మధ్య, రూపాయి బిళ్లంత మేర ఎరుపు పూర్తిగా లేచిపోయి కింది సుద్దమట్టి తెల్లగా బయటపడింది. చెదలేమో అనుకుని వంగి చూశాను.

"కర్ర ఆనిన జాగ అది" అన్నాడు తాత. "మీ శాలోళ్లు గీడ్నే మళ్ల ఒక్కసారి చెప్పుమనేటోళ్లు. మా తాతప్పటి సంది."

నేను ఆ తెల్ల మచ్చ పక్కన వేలు పెట్టాను. తాత రెండో చివర పట్టుకుని తర్వాతి వరుస విప్పాడు.